పవిత్రం ఎవరు చేశారు? (మాటలూ మనుషులూ – 11)

ఈ మధ్య మన సెమినార్లకి ఒక కొత్త చుట్టం వస్తున్నాడు. పేరు హోమో సాకెర్. లాటిన్ మనిషి. ఇటలీ తత్వవేత్త జార్జో అగంబెన్ 1995లో తన పుస్తకానికి ఈ పేరే పెట్టాక ప్రపంచమంతా తిరిగి, కాస్త ఆలస్యంగా మన తెలుగు శాఖల దాకా చేరాడు. గత రెండేళ్లలో దళిత సాహిత్యం మీద నేను చదివిన పత్రాల్లో నాలుగైదింటిలో కనిపించాడు. వాదన అన్నిచోట్లా ఒకటే. రోమన్ చట్టంలో హోమో సాకెర్ అంటే ఎవరైనా చంపగలిగిన మనిషి. చంపినవాడికి హత్యానేరం అంటదు. అలాగని దేవుడికి బలి ఇవ్వడానికీ పనికిరాడు. దళితుడి బతుకు ఇదే కాబట్టి దళితుడే హోమో సాకెర్. చప్పట్లు. టీ బ్రేక్.

ఈ పోలిక కుర్రవాళ్ల మనసుకి ఎందుకు పట్టుకుంటుందో నాకు తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిది మంది చచ్చారు, చంపినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఈ తీర్పు చదివిన పిల్లాడికి లైబ్రరీలో అగంబెన్ దొరికితే ‘ఇది మా గురించే రాశాడు’ అనుకోవడంలో వింతేముంది? నాకూ మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. అయినా ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచమ్మీద కూర్చోబెట్టే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగడం మన పెద్దల అలవాటు. ఆ పని ఈ పత్రాల్లో ఎవరూ చేయలేదు. ఈ వారం నేను చేస్తాను.

అగస్టస్ చక్రవర్తి కాలంలో వెరియస్ ఫ్లాకస్ అనే పండితుడు లాటిన్ మాటల మీద ఒక పెద్ద నిఘంటువు రాశాడు. ఈయన బానిసగా ఉండి విడుదలైనవాడు. చక్రవర్తి మనవలకి చదువు చెప్పాడు. ఆ నిఘంటువు పోయింది. రెండో శతాబ్దంలో ఫెస్టస్ అనే ఆయన దాన్ని కుదించి రాశాడు. ఆ కుదింపు కూడా ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలింది, అదీ సగం మంటల్లో పోయాక. కాలిన పుటల్లో మిగిలిన భాగంలోనే మన హోమో సాకెర్ ఉన్నాడు. ఉన్నాడు గానీ, ఆ నిఘంటువులో అతనికి విడిగా చోటు లేదు. ‘సాకెర్ మోన్స్’ అనే మాట కింద, రెండో వాక్యంగా వస్తాడు. సాకెర్ మోన్స్ అంటే పవిత్రమైన కొండ. మొదటి వాక్యం ఆ కొండ గురించి. నేను చదివిన పత్రాలన్నీ రెండో వాక్యం దగ్గర మొదలవుతాయి. కొండ ఎక్కినవాళ్లు ఎవరూ లేరు.

ఆ కొండ రోముకి మూడు మైళ్ల దూరంలో, అనియో నది అవతల ఉంది. రోమన్లు చెప్పుకున్న చరిత్ర ప్రకారం క్రీ.పూ. 494లో అక్కడ ఒక సమ్మె జరిగింది. రోములో పుట్టుకతో పెద్దలు పాట్రీషియన్లు. మిగతా జనం ప్లెబియన్లు. యుద్ధానికి వెళ్లేది వీళ్లు, తిరిగొచ్చేసరికి పొలం పాడుబడి అప్పులపాలయ్యేది వీళ్లు, ఆ అప్పు తీరేదాకా అప్పిచ్చినవాడి ఇంట్లో వెట్టి చేసేదీ వీళ్లే. పూజారులు, న్యాయాధికారులు, శకునం చూసి ‘ఇవాళ సభ పనికిరాదు’ అని చెప్పేవాళ్లు అందరూ పాట్రీషియన్లు. ఒకరోజు ప్లెబియన్లు కత్తి ఎత్తలేదు, రాయి విసరలేదు. ఊరు వదిలేసి వెళ్లి ఆ కొండ మీద కూర్చున్నారు.

పెద్దలకి వణుకు పుట్టింది. నగరంలో పని చేసేవాడు లేడు, పహరా కాసేవాడు లేడు. మెనేనియస్ అగ్రిప్పా అనే పెద్దమనిషిని మాట్లాడమని పంపారు. ఆయన వెళ్లి ఒక కథ చెప్పాడట. చేతులు, నోరు, పళ్లు కలిసి పొట్ట మీద అలిగాయి: మేమంతా కష్టపడుతుంటే ఇది మధ్యలో కూర్చుని తింటోందని. తిండి పెట్టడం మానేశాయి. చివరికి ఒళ్లంతా చిక్కిపోయింది. కాబట్టి, నాయనలారా, పొట్ట లేకపోతే మీరూ లేరు అని నీతి. చరిత్రకారుడు లివీ ఈ కథ చెప్పాడు. చదువుతుంటే మీకు ఏం గుర్తొస్తుందో నాకూ అదే గుర్తొచ్చింది. రుగ్వేదం పదో మండలంలో పురుషసూక్తం. అక్కడ నోరు, చేతులు, తొడలు, పాదాలు. ఇక్కడ పొట్ట, చేతులు. ఎక్కడైనా పెద్దలకి జనం సమ్మె కనిపించగానే శరీరశాస్త్రం గుర్తొస్తుంది కాబోలు. తేడా ఒకటుంది. పురుషసూక్తం విన్న పాదాలకి తిరిగి మాట్లాడే అవకాశం సూక్తంలో లేదు. ప్లెబియన్లు కథ విని ఊరికే దిగిపోలేదు, షరతు పెట్టారు. మా మనుషుల్నే మాకు ప్రతినిధులుగా మేం ఎన్నుకుంటాం. వాళ్లకి ట్రిబ్యూన్లని పేరు. పెద్దల అధికారి తీసుకున్న నిర్ణయాన్ని ‘వద్దు’ అని ఆపే హక్కు వాళ్లకుండాలి. ఆ హక్కు పేరే తర్వాత వీటో అయింది. లాటిన్‌లో ‘వీటో’ అంటే ‘నేను ఒప్పుకోను’ అని.

ఇప్పుడు అసలు సంగతి. సైన్యం పెద్దల చేతిలో ఉంది, గుడి పెద్దల చేతిలో ఉంది. మరి ఒంటరిగా వీధిలో నడిచే ట్రిబ్యూన్‌ని ఎవరైనా కొట్టి చంపితే? దానికి ప్లెబియన్లు ఒక ఒట్టు పెట్టుకున్నారు. మా ట్రిబ్యూన్ మీద చెయ్యి వేసినవాడు సాకెర్. అతన్ని మాలో ఎవరు చంపినా అది హత్య కాదు. కొండ దిగేటప్పుడు ఆ కొండని జూపిటర్ దేవుడికి అర్పించి దిగారు. అప్పటినుంచి అది పవిత్రమైన కొండ. ఫెస్టస్ రెండో వాక్యంలోని ‘చంపినా నేరం కాదు’ అన్న ముక్కకి ఆధారంగా చూపించింది ఏ రాజు శాసనాన్నో కాదు, ఈ ట్రిబ్యూన్ల చట్టాన్నే. ఇంగ్లీషులో ‘సాక్రోసాంక్ట్’ అనే మాట ఉంది కదా, ఎవరూ ముట్టుకోకూడనిది అనే అర్థంలో వాడతారు. ఆఫీసులో బాస్ గారి లంచ్ టైమ్ సాక్రోసాంక్ట్ అని వెటకారానికి కూడా అంటుంటారు. ఆ మాట మొదట అంటుకున్నది ఈ ట్రిబ్యూన్ల ఒంటికి. అణిగిమణిగి ఉన్న జనం తమ ప్రతినిధి దేహం చుట్టూ గీసుకున్న గీత అది.

అంటే మన పత్రాల్లో వాక్యం తలకిందులైంది. సాకెర్ ఎవడు? బలహీనుడి మనిషి మీద చెయ్యెత్తిన బలవంతుడు. రోమన్ల పన్నెండు పలకల చట్టంలో కూడా, తనని నమ్ముకుని బతికేవాణ్ణి మోసం చేసిన దొరకి ఇదే శిక్ష ఉండేదని చెబుతారు. మనం పట్టుకెళ్లి ఆ ముద్రని మోసపోయినవాడి నుదుటి మీద వేస్తున్నాం. చుండూరుని రోములో పెట్టి చూడండి. సాకెర్ అనిపించుకోవాల్సింది ఎవరు?

రోముని నేనేమీ ఆకాశానికెత్తడం లేదు. స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక, క్రీ.పూ. 71లో, ఆరువేల మంది బానిసల్ని అప్పియన్ రోడ్డు పొడుగునా సిలువ వేసిన దేశం అది. ప్లెబియన్ల గెలుపు కూడా పూర్తి గెలుపు కాదు. 1936లో ‘కుల నిర్మూలన’ రాస్తూ బాబాసాహెబ్ సరిగ్గా ఇక్కడే వేలు పెట్టారు. ప్లెబియన్లకి కాన్సల్ పదవి దక్కినా, ఎన్నికైనవాడు దేవతకి సమ్మతమేనా అని చెప్పేది పాట్రీషియన్ పూజారి. గట్టి మనిషి ఎన్నికైతే దేవతకి నచ్చేవాడు కాదు, మెతక మనిషైతే నచ్చేవాడు. ఓటు చేతికొచ్చింది, దాని తాళంచెవి గుళ్లో ఉండిపోయింది. పూనా ఒప్పందం జరిగి అప్పటికి నాలుగేళ్లు. ఆయన రోము గురించి మాత్రమే రాశారని నేను అనుకోను. మన రిజర్వుడు నియోజకవర్గాల్లో ఎవరికి టికెట్ వస్తుందో, ఎవరికి రాదో ఈనాటికీ చూస్తున్నవాళ్లెవరూ అలా అనుకోరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. హోమో సాకెర్ ఒక పని చేసి సాకెర్ అవుతాడు. జనం తీర్పు చెబుతారు. అతని కొడుకు సాకెర్ కాడు. మనకి తీర్పు లేదు, నేరం లేదు, పుట్టుకే చాలు. పైగా సాకెర్ అయినవాడితో ఊరికి పని లేదు, తరిమేస్తుంది. మనతో ఊరికి పొద్దున లేస్తే పనే. నాటు వేయాలి, కోత కోయాలి, చచ్చిన గొడ్డుని లాగాలి, డప్పు కొట్టాలి. తరిమెయ్యరు, దగ్గరికీ రానివ్వరు. అవసరం తీరేంత దగ్గర, అంటుకోనంత దూరం. ఈ కొలత లాటిన్ మాటలో ఎక్కడుంది? అందుకే ఆ మాట మనకి కొలత సరిపోని చొక్కా.

అయితే సాకెర్ అనే మాటకి ఉన్న రెండు ముఖాలు మన భాషకి తెలియనివి కావు. దేవుడి సొత్తు అయిందీ, శపించి వదిలేసిందీ రెండూ సాకెరే. అందులోంచే ఇంగ్లీషులోకి ఒకవైపు ‘సేక్రెడ్’ వచ్చింది, ఇంకోవైపు ‘ఎక్సిక్రబుల్’, ఛీ అనాల్సినది, వచ్చింది. మనం అచ్చోసిన ఆంబోతు అంటాం చూడండి. దేవుడి పేరున ముద్ర వేసి వదిలిన ఎద్దు. దాన్ని కట్టెయ్యకూడదు, కొట్టకూడదు. అదే మాట మనిషిని అంటే తిట్టు. తెలుగులో ‘దేవుడికి వదిలేశాం’ అంటే అర్పించామనీ అర్థమే, ఆశ వదులుకున్నామనీ అర్థమే. ఈ రెండు అర్థాలూ ఒకే ఒంటి మీద పడ్డ మనుషులు మనలో ఉన్నారు. జోగినులు. తెలంగాణ పల్లెల్లో మాల, మాదిగ ఇళ్లలోంచి ఆడపిల్లని దేవత పేరున వదిలేవాళ్లు. తాళి దేవతది, ఒళ్లు ఊరి పెద్దలది. 1988లో చట్టం చేసి ఈ ‘వదలడాన్ని’ నిషేధించాల్సి వచ్చింది. ఇంగ్లీషులో ‘కాన్సిక్రేట్’ అనే మాటని మన నిఘంటువులు ప్రతిష్ఠించు, అంకితం చేయు అని ఎంతో అందంగా అనువదిస్తాయి. జోగిని కథ రాసేవాళ్లకి ఆ మాట పనికొస్తుంది. సాకెర్ గురించి రాయాలనుకునే తమ్ముళ్లు చెల్లెళ్లు ఈ దారిలో వెళితే నేను అడ్డు చెప్పను.

ఈ లాటిన్ మాటల్లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. పవిత్రతని ఎవరు చేశారో, ఎలా చేశారో అవి దాచవు. ‘శాక్రిఫైస్’ అంటే సాకెర్‌గా చేయడం, అంతే. చేయడం అనే క్రియ మాటలోనే ఉంది. రెండో శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త గైయస్ ఇంకా సూటిగా చెప్పాడు: రోమన్ ప్రజల అధికారంతో అర్పిస్తేనే ఏదైనా పవిత్రమవుతుంది, లేకపోతే కాదు. అంటే జనం చేశారు, కాబట్టి జనం తీసెయ్యగలరు. గుడి బయటికి తెచ్చి మళ్లీ మామూలు వాడకానికి ఇచ్చేస్తే దాన్ని ‘ప్రొఫేన్’ చేయడం అన్నారు. ఫానుమ్ అంటే గుడి, ప్రొ అంటే ముందు. గుడి ముందు, అంటే గుమ్మం బయట ఉన్నది ప్రొఫేన్. అదే ఫానుమ్‌లోంచి ‘ఫెనాటిక్’ కూడా పుట్టింది, గుడి దేవుడు పూనినవాడు అని. గుమ్మం బయటివాడు అపవిత్రుడు, గుమ్మం లోపల పూనకం వచ్చినవాడు ఛాందసుడు. ఒక గుడి మాట రెండు తిట్లని కన్నది. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాసినప్పుడు ఆయన నాయకుడు నిలబడ్డ చోటు అక్షరాలా ప్రొఫేన్. గుడిలోకి పోగలిగేది గబ్బిలం, పోలేనిది మనిషి. కాబట్టి కబురు గబ్బిలంతో పంపాల్సి వచ్చింది.

‘శాంక్టిటీ’, ‘సెయింట్’ అనే మాటలకి మూలం సాంక్టుస్. దానికి తల్లి, చట్టం చేసి ఖాయపరచడం అనే క్రియ. అందుకే ‘శాంక్షన్’ అంటే అనుమతీ అవుతుంది, ఆంక్షా అవుతుంది. లోన్ శాంక్షన్, దేశం మీద శాంక్షన్లు. రోమన్లకి నగరం గోడలు, ద్వారాలు సాంక్టుస్. గోడ దాటితే మరణశిక్ష. రోము కట్టిన రోములస్ తమ్ముడు రీమస్ చచ్చింది గోడ దూకబోయినందుకేనని వాళ్ల న్యాయశాస్త్ర గ్రంథంలోనే ఉదాహరణగా రాసుకున్నారు. సొంత తమ్ముడి శవం మీద పవిత్రత అనే మాట నిలబడిందని ఒప్పుకున్నారన్నమాట. మన దగ్గర ఇంత నిజాయితీ ఉన్న ధర్మశాస్త్రం ఒకటి ఎవరైనా చూపిస్తే చదువుకుంటాను.

‘శాక్రిలేజ్’ ఇంకా తమాషా మాట. అసలు అర్థం గుడి సొత్తు దొంగతనం. ఏదో ఒకటి ఎత్తుకుపోతేనే నేరం. 1948లో వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’లో అంబేద్కర్ ఈ మాటనే ఎంచుకున్నారు. ఆవు పవిత్రం అయిన రోజు నుంచి గొడ్డుమాంసం తినడం శాక్రిలేజ్ అయింది, ఆ తిండి మానలేని పేదవాళ్లు అంటరానివాళ్లయ్యారు అని ఆయన వాదన. తిన్నవాడు మారలేదు, తిన్నదీ మారలేదు. మధ్యలో ఎవరో వచ్చి ఒక జంతువు చుట్టూ గీత గీశారు. 1927 మార్చి 20న మహాడ్ చెరువులో ఆయన, ఆయన వెంట వేలమంది దోసెడు నీళ్లు తాగారు. ఏమీ ఎత్తుకుపోలేదు. తర్వాత 108 కుండల పంచగవ్యం పోసి చెరువుని ‘శుద్ధి’ చేశారు. ఆవు పేడ, ఆవు మూత్రం కలిపితే శుభ్రపడే నీళ్లు మనిషి చెయ్యి తగిలితే మైలపడతాయట. ఇంగ్లీషు ‘పొల్యూట్’కి మూలమైన లాటిన్ మాట బురద పులమడం అనే అర్థం నుంచి వచ్చింది. ఆ అర్థంలో చూస్తే 1985 కారంచేడులో నీళ్లు పొల్యూట్ చేసింది ఎవరు? బర్రెల మురికి తాము తాగే చెరువులో కలుస్తుంటే ఇదేమిటని అడిగిన మాదిగలదా తప్పు? ఆరుగురి ప్రాణాలు పోయాయి ఆ ప్రశ్నకి.

తాకడం దగ్గరికి వద్దాం. లాటిన్‌లో తాంగెరె అంటే తాకడం. అందులోంచి ‘కాంటాక్ట్’, ‘కంటేజియన్’ వచ్చాయి. ‘కంటామినేట్’ కూడా అదే ఇంటి పిల్ల. ఎవరూ తాకనిది ‘ఇంటాక్ట్’, చెక్కుచెదరనిది. అదే ధాతువులోంచి ‘ఇంటీజర్’, ‘ఇంటెగ్రిటీ’. మా కాలేజీ మ్యాథ్స్ సార్‌కి, మీ పూర్ణాంకానికి అసలు అర్థం అంటరానిదండీ అని చెబితే ఆయన కాసేపు నవ్వలేదు. తాకనిది పూర్ణం, తాకితే రోగం. లాటిన్ ఈ విషయంలో మనకన్నా తక్కువ తినలేదు. తెలుగులో ‘అంటు’ చూడండి. అంటువ్యాధి ఉంది, అంట్లు ఉన్నాయి, అంటుముట్టు ఉంది, అంటరానితనం ఉంది. కానీ మామిడి అంటు కూడా ఉంది. పొయ్యి అంటించడం కూడా ఉంది. రెండు కొమ్మలు ఒకదానికొకటి అంటితేనే మంచి కాయ కాస్తుందని తోట పని చేసేవాడికి తెలుసు, ఆ తెలివి భాషలో పెట్టాడు. తాకితే ఏదైనా బాగుపడుతుందనే అర్థం తెలుగులో మిగిలింది పనివాళ్ల మాటల్లోనే.

ఇక మన ‘పవిత్రం’. సేక్రెడ్‌కి మనం కళ్లు మూసుకుని వాడే అనువాదం. సంస్కృతంలో శుభ్రం చేయడం అనే ధాతువులోంచి వచ్చింది. రుగ్వేదంలో పవిత్రం అంటే సోమరసం వడగట్టే జల్లెడ, గొర్రె ఉన్నితో చేసింది. నాకు ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకదు. వడపోసే సాధనం. కిందికి దిగింది దేవుడికి, పైన మిగిలిన పిప్పి పారెయ్యడానికి. ‘సేక్రెడ్’ని ‘పవిత్రం’ అని అనువదించిన క్షణంలో గీత గీసినవాడు మాయమై శుభ్రత ముందుకొచ్చింది. గీత అయితే ఎవరు గీశారని అడగొచ్చు. శుభ్రతని ఎవరు అడుగుతారు? స్నానం చేసి రా అంటారు. ‘మడి’ సంగతీ అంతే. మడి కట్టుకున్నవాడు తినే అన్నం ఇంకో మడిలోంచి వచ్చింది, మోకాటిలోతు నీళ్లలో మా ఆడవాళ్లు నాటు వేసిన మడిలోంచి. రెండు మడులకీ పడదు.

లాటిన్‌తో సంబంధం లేని ఇంగ్లీషు మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. ‘హోలీ’. ఇది పాత ఇంగ్లీషు మాట. ‘హోల్’, అంటే మొత్తం. ‘హెల్త్’, ‘హీల్’, ఇవన్నీ దాని తోబుట్టువులు. గీతా లేదు, వడపోతా లేదు. విరగకుండా, చిల్లు పడకుండా ఉండటం. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. కరువు నుంచి అప్పుడే ప్రాణాలతో బయటపడ్డ మనుషులు. వాళ్ల చేతుల్లోకి వచ్చిన పుస్తకం అట్ట మీద ‘పరిశుద్ధ’ గ్రంథం అని ఉంది. శుద్ధి అనే మాటతో తరతరాలుగా దెబ్బలు తిన్నవాళ్లకి కొత్త దేవుడు కూడా శుద్ధి మాటతోనే పరిచయమయ్యాడు. అయినా మన పేటల్లో స్వస్థత కూటాలకి జనం ఎందుకు విరగబడతారో గమనించండి. పరిశుద్ధత కూటం అని బోర్డు పెడితే అంతమంది రారు. స్వస్థత అంటే హీలింగ్. హోలీకి సొంత చెల్లెలు. అనువాదకులు పోగొట్టిన చుట్టరికాన్ని మా అమ్మలు, అత్తలు వెతికి పట్టుకున్నారు.

చివరగా గొయ్యి తవ్వేవాడి మాట. ఇంగ్లండు పల్లెల్లో చర్చి గంట కొట్టి, సమాధులు తవ్వే మనిషిని ‘సెక్స్‌టన్’ అంటారు. అరిగిపోయి అలా అయింది గానీ అది ‘శాక్రిస్టన్’, సాకెర్ ఇంటి పేరే. గొయ్యి తవ్వేవాడి ఉద్యోగం పేరులో పవిత్రత ఉంది. అతను పేదవాడే, జీతం తక్కువే. అయినా గుడి తాళాలు అతని నడుముకి ఉండేవి. మా తాత ఊరి వెట్టి చేశాడు. ఊళ్లో ఎవరు పోయినా కబురు మోసేది, కట్టెలు మోసేది, గొయ్యి తీసేది ఆయనే. ఆయన నడుముకి ఏ తాళమూ లేదు.

గైయస్ పవిత్రతలో ఒక మెలిక పెట్టాడు. గుడిని పవిత్రం చేయడానికి రాజ్యం కావాలి. సమాధిని మాత్రం ఎవరైనా చేయొచ్చు. నీ చోటులో నీ మనిషిని పూడ్చిపెడితే చాలు, ఆ నేల ‘రెలిజియోసుస్’ అయిపోతుంది. దానికి పూజారి అక్కర్లేదు, శాసనం అక్కర్లేదు. బానిసని పూడ్చిన నేలకి కూడా ఇదే వర్తిస్తుందని రోమన్ న్యాయశాస్త్ర గ్రంథం చెబుతుంది. బతికున్న బానిసకి ఇవ్వని గౌరవం చచ్చిన బానిసకి ఇచ్చారు, మెచ్చుకోవడానికేమీ లేదు. కానీ చుండూరు వాళ్లు ఈ సూత్రం చదవకుండానే పాటించారు. హతుల్ని తమ వాడలోనే పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. క్షేత్రం అంటే పొలం, క్షేత్రం అంటే దేవుడి చోటు. ఆ నేలని పవిత్రం చేసింది అక్కడి జనం, ఏ కోర్టు తీర్పుతోనూ నిమిత్తం లేకుండా. వాళ్లని హోమో సాకెర్లని రాయబోయే తమ్ముళ్లు ముందు అక్కడికి వెళ్లి చూసి రండి.

మా ఊళ్లో మాలపల్లె శ్మశానం పంట కాలవ అవతల ఉంది. దారి లేదు. ఒక ఆసామి వరి మడి దాటాలి. పైరు ఉన్నప్పుడు తొక్కుతారంటాడు, పైరు లేనప్పుడు పొలం మైలపడుతుందంటాడు. మా నాయనమ్మ ఆగస్టులో పోయింది. పాడెని నడుముల్లోతు కాలవ నీళ్లలోంచి మోసుకెళ్లాం. రోమన్ న్యాయశాస్త్రవేత్త ఉల్పియన్ మూడో శతాబ్దం మొదట్లో రాసిన ఒక నియమం ఉంది: ఎవరికైనా సమాధి ఉండి, దానికి దారి లేక, పక్క పొలంవాడు అడ్డుపడితే, రాష్ట్ర పాలకుడు న్యాయమైన ధర కట్టించి పొలంవాడి చేత దారి ఇప్పించాలి. పొలంవాడికి పెద్ద నష్టం రాని చోటు చూసి ఇప్పించాలి.

మా అర్జీలో ఉల్పియన్ పేరు రాయలేదు. సర్వే నంబరు రాశాం, పదడుగుల వెడల్పు, 480 అడుగుల పొడవు, మొత్తం 11 సెంట్లు అని రాశాం. మార్కెట్ ధర చందాలేసుకుని కడతామని కూడా రాశాం. మూడు సోమవారాలు గ్రీవెన్స్‌కి తిరిగాక సర్వేయర్‌ని పంపుతామన్నారు. నీళ్లున్న పొలంలో గొలుసు లాగడం కుదరదని, కోతలయ్యాక సంక్రాంతి దాటి వస్తానని ఆయన ఫోన్‌లో చెప్పాడు.